రెండు దెబ్బలు

4, మంగళవారం

మాట్లాడింది. నా పెళ్ళాం, మా మేస్త్రీ, ఈ రోజు మాట్లాడింది.

సంతోషంతో కాలూ చెయ్యీ ఆడటం లేదు. ఎవరికైనా చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. అమ్మాయీ అల్లుడూ వెళ్ళిపోయారు. మేస్త్రీని చూసుకునే ఆయా రేపు పొద్దున గానీ రాదు. అందుకని మిల్లువాళ్ళు ఎప్పుడో ఇచ్చిన డైరీ అటక మీంచి దించాను. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. నేనే రాసి నేనే చదువుకునేదానికి ముత్యాల్లాంటి అక్షరాలు ఎందుకు.

అమ్మాయి ఒక పెట్టె తెచ్చింది. సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది, ముందు పక్క అద్దం. మంచం తలకట్టుకు బిగించింది. పక్షవాతం వచ్చాక మేస్త్రీ గొంతులోంచి వచ్చే ఆ గురగుర ఎవరికీ అర్థం కావడం లేదు కదా, ఈ పెట్టె దాన్ని విని మాటలుగా మార్చి పైకి చెబుతుంది, అద్దం మీద రాస్తుంది కూడా. పైకి చెప్పేది నాకెలాగూ వినపడదు. నా చెవులు ఎప్పుడో మరమగ్గాలకు ధారపోశాను. మిల్లు మనుషులందరిలాగే నేనూ ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటాను. కానీ ఆమె మూతి ఒక పక్కకు లాగేసింది. కాపురమంతా చూసిన పెదాలే, ఇప్పుడు వాటిలో ఒక్క ముక్క దొరకదు.

ఇన్నాళ్ళూ కళ్ళతోనే నడిపాం. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. నీళ్ళా? కాదు. దుప్పటా? కాదు. కిటికీనా? ఒక్క చిన్న విషయం తేలేసరికి ఆమెకు కోపం, నాకు ఏడుపు. ఇక ఆ గోల లేదు.

పెట్టె వెలగ్గానే అద్దం మీద పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి. "ఏమండీ, మీరు భోంచేశారా?"

నా పెళ్ళాం నన్ను ఏమండీ అంది. పెళ్ళయిన నాటి నుంచీ నేను "ఏమయ్యో", లేదంటే "రేడియో". తన అజమాయిషీకి నేను మేస్త్రీ అని పేరు పెడితే, మిల్లులో నాకు రేడియో అని పెట్టింది తనే. "ఈ రేడియోకి మీట ఎక్కడ పెట్టాడో దేవుడు నాకు చెప్పకుండా కట్టబెట్టాడు" అని అందరి ముందూ అనేది. చావు గుమ్మం దాకా వెళ్ళొస్తే మనిషికి మర్యాద వస్తుంది కాబోలు.

అల్లుడు నా ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా విప్పి చెప్పాడు. మంచివాడు. "అత్తయ్య పాత ఫోను రికార్డింగులన్నీ దీనికి ఎక్కించాం మామయ్యా. సగం వింటుంది, సగం అదే పూరిస్తుంది. వాడేకొద్దీ నేర్చుకుంటుంది."

అమ్మాయి మంచం కమ్మీ పట్టుకుని ఏడుస్తూనే ఉంది. నేనూ ఏడ్చాను. మంచి ఏడుపు.

5, బుధవారం

లేవగానే "శుభోదయం" అంది. మా ఇంటావంటా లేని మాట.

నొప్పులేమైనా ఉన్నాయా అని అడిగాను. "లేదండీ, హాయిగా ఉంది. మీరుండగా నాకేం లోటు."

ఆ మాట మళ్ళీ రాసుకుంటున్నాను. మీరుండగా నాకేం లోటు.

7, శుక్రవారం

ఆయాకు మా మేస్త్రీ మిల్లు సంగతులు చెప్పాను. ఎందుకంటే ఈ రోజు మేస్త్రీ ఎడమ చేత్తో మంచం కమ్మీ మీద కొట్టింది. ఆ చెయ్యి పైకి లేవదు, మణికట్టు మాత్రం ఆడుతుంది. నేను మంచానికి ఆనుకుని కూర్చున్నాను కాబట్టి నా వీపుకు తెలిసింది. రెండు దెబ్బలు.

"ఏంటి తాతా అది?" అంది ఆయా.

పోగు తెగినప్పటి పిలుపు, అన్నాను. రెండు చేతుల్లో తెగిన పోగులు పట్టుకున్నప్పుడు మగ్గం ఆపడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అరిస్తే ఆ హోరులో ఎవడికి వినపడుతుంది. అందుకని మోకాలితో మగ్గం ఇనపచట్రం మీద రెండు దెబ్బలు. పక్క మగ్గం మనిషికి అది కాళ్ళలోంచి తెలుస్తుంది. ఎంత పనిలో ఉన్నా వచ్చి మీట దించాలి. అప్పుడు పిలిచినవాళ్ళు గడ్డంతో చూపిస్తారు, తెగింది ఇక్కడా అని. ముడి పడ్డాక ఒక్క దెబ్బ. నడుస్తోంది, ఇక పో అని. రెండు దెబ్బలకు కదలనివాడికి ముద్ద దిగకూడదని మిల్లులో ఒట్టు.

"మరి వెళ్ళి చూడు, అవ్వ పిలుస్తోందిగా."

చూడటానికేముంది, అద్దం మీద రాసే ఉంది. "పాత రోజులు గుర్తొస్తున్నాయండీ. ఎంత బాగుండేది." అది సంగతి. మనసు మిల్లులో తిరుగుతోంది. నేనూ కుర్చీలోంచే కమ్మీ మీద రెండు దెబ్బలు కొట్టాను, వస్తున్నా మేస్త్రీ అని. మళ్ళీ కొట్టింది. మళ్ళీ కొట్టాను. చిన్నపిల్లల్లా ఎంతసేపు ఆడుకున్నామో.

వెళ్ళేటప్పుడు ఆయా నా ముందుకొచ్చి నిలబడింది. "నేను దుప్పటి దులిపాను తాతా. ఆ చప్పుడుకి కూడా ఏదో రాసింది అది. అవ్వ నోరు కదపనే లేదు."

నోట్లోనే అనుకుని ఉంటుంది, అన్నాను.

9, ఆదివారం

అమ్మాయి పొద్దున్నే వచ్చింది. తల్లి పక్కన కూర్చుని "అమ్మా, నేనంటే ఇష్టమేనా?" అని అడిగింది. ఇంత పెద్దదై, తలలో తెల్ల వెంట్రుకలు వస్తున్న పిల్ల అడిగే ప్రశ్నేనా అది. అద్దం మీద వచ్చింది: "నువ్వంటే నాకు ప్రాణం తల్లీ. నిన్ను చూస్తే గర్వంగా ఉంటుంది."

మేస్త్రీ కూతుర్ని ఎప్పుడూ మెచ్చుకుని ఎరగదు. క్లాసులో మొదటి ర్యాంకు తెచ్చినా "సరే, ఆ గిన్నెలు కడుగు" అనేది. ప్రేమ లేక కాదు. ప్రేమంతా పని చెప్పడంలోనే ఉండేది.

"చిన్నప్పటి నుంచీ ఈ ఒక్క మాట కోసం కాచుకున్నాను నాన్నా" అంది అమ్మాయి. పక్షవాతం వచ్చిన రోజు నుంచి సరిగ్గా నిద్ర లేదు దానికి. మధ్యాహ్నం మంచం పక్కన చాప వేసుకుని పడుకుంటే సాయంత్రం దాకా లేవలేదు. దాని నిద్రమొహం చూస్తూ కూర్చున్నాను. ఈ పెట్టె కనిపెట్టినవాడు ఎవడో, వాడి కాళ్ళకు దణ్ణం పెట్టాలి.

10, సోమవారం

జావ నాలుగు చెంచాలు. ఐదోది నాలుకతో బయటికి తోసేసింది. "కడుపు నిండిందండీ" అంది.

11, మంగళవారం

జావ రెండు చెంచాలు. "మీరు తినండి, మీరు తింటే నేను తిన్నట్టే." ఎంత మంచి మాట. తిన్నాను.

13, గురువారం

పొద్దున్నుంచీ దెబ్బలే దెబ్బలు. రెండు, ఆగి రెండు. నేనూ కొడుతూనే ఉన్నాను. మధ్యలో నా వేళ్ళు నొప్పి పుట్టి ఆపాను. ఆమె ఆపలేదు. గడ్డం ఎడమ పక్కకు తిప్పి, నన్నే చూస్తూ కొట్టింది. ఆ పక్కన కిటికీ ఉంది. ఎండ పడుతోందేమోనని తెర వేశాను.

"ఎంతో సరదాగా ఉందండీ" అని వచ్చింది.

సరదాగానే ఉంది.

15, శనివారం

కళ్ళ నీళ్ళు దిండు మీదికి కారుతున్నాయి. ఎందుకే అని అడిగాను. "మిమ్మల్ని చూస్తుంటే ఆనందంగా ఉంది." ఆనందబాష్పాలు. తుడిచాను.

జావ లేదు. నీళ్ళు కొంచెం.

16, ఆదివారం

"అమ్మ చిక్కింది నాన్నా" అంది అమ్మాయి రాగానే. నేను కూడా అదే అనుకుంటున్నాను గానీ రోజూ చూసే కళ్ళకు తెలీదు కదా. ఇద్దరం కలిసి పెట్టెనే అడిగాం. అంటే మేస్త్రీనే అడిగాం.

"ఆకలి వేయడం లేదమ్మా. నువ్వు బాగుంటే నాకదే చాలు."

"పెద్దవాళ్ళకు ఆకలి తగ్గుతుందట" అన్నాడు అల్లుడు. తన ఫోనులో చూసి చెప్పాడు. మాకు ఊపిరి వచ్చింది.

కళ్ళు మూసే పద్ధతి ఒక్కసారి చేసి చూద్దామా అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. స్పష్టంగా చెబుతున్న మనిషిని మళ్ళీ కళ్ళు మూయమనడం అనుమానించినట్టు ఉంటుంది. మేస్త్రీకి అనుమానం అంటే గిట్టదు.

18, మంగళవారం

ఆయాతో గొడవ.

"అవ్వ బుగ్గ కాలిపోతోంది తాతా. చెయ్యి పెట్టి చూడు" అంది. చూశాను. నా చెయ్యి ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, దానికి అందరూ వేడిగానే తగులుతారు. అద్దం చూపించాను. "ఒళ్ళు తేలిగ్గా ఉందండీ, హాయిగా ఉంది" అని ఉంది.

"అది అవ్వ మాట కాదు. అవ్వ నోట్లోంచి ఒక్క తిట్టు వచ్చిందా ఇన్ని రోజుల్లో? మాట పడిపోకముందు నన్ను ఎప్పుడైనా 'మొద్దు' అనకుండా నీళ్ళు పోయించుకుందా? ఈ పెట్టె నన్ను 'బంగారుతల్లీ' అంటోంది."

"బాగుపడితే నీకు కళ్ళమంటగా ఉందా" అన్నాను.

"బాగుపడితే ఎముకలు బయటికొస్తాయా తాతా."

రేపటి నుంచి రావద్దన్నాను. ఆమె చేతిసంచీ తీసుకుని, గుమ్మంలో ఆగి, మేస్త్రీ వైపు చూసి వెళ్ళిపోయింది. పని తెలిసిన మనిషే. నోరే ఎక్కువ.

19, బుధవారం

నేనే ఒళ్ళు తుడిచాను. పక్కకు తిప్పుతుంటే బరువు తెలియలేదు. ఉతికిన చీర ఎత్తినట్టు ఉంది.

20, గురువారం

రాయాలో లేదో తెలియడం లేదు. రాస్తాను.

మధ్యాహ్నం ఆమె నిద్రపోయింది. నేను కుర్చీలో కూర్చుని, ఆ తేలికైపోయిన చెయ్యి చూస్తుంటే ఏడుపు ఆగలేదు. లేస్తుందేమోనని తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా ఏడుపు నాకు వినపడదు, ఎంత పైకి వస్తుందో తెలియదు.

తల ఎత్తి చూస్తే అద్దం మీద అక్షరాలు వస్తున్నాయి.

"చాలా సంతోషంగా ఉందండీ."

ఆమె నోరు మూసి ఉంది. నిద్రలో ఉంది.

దగ్గాను. "మీరుండగా నాకేం లోటు."

కుర్చీ జరిపాను. "అమ్మాయి ఎప్పుడొస్తుంది?"

నేల మీద చెప్పు కొట్టాను. అది కూడా ఏదో చెప్పింది. ప్రేమగా.

ఎంతసేపు అలా నిలబడ్డానో. చెప్పు చేతిలోనే ఉంది. అప్పుడు కమ్మీకి ఆనిన నా మోకాలికి తగిలింది. రెండు దెబ్బలు. లేచింది. నన్నే చూస్తోంది.

పక్క మగ్గం దగ్గర ఏళ్ళ తరబడి నిలబడ్డవాణ్ణి. ఆమె కొట్టిన రెండు దెబ్బలకు ఏనాడూ రెండోసారి కొట్టించుకోలేదు. ఇన్ని రోజులుగా ఆమె పోగులు పట్టుకుని నిలబడి పిలుస్తుంటే నేను కుర్చీలో కూర్చుని తిరిగి కొడుతూ తాళం వేశాను.

వెళ్ళాను. పెట్టె మీద తువ్వాలు కప్పాను. "ఎక్కడే?" అన్నాను.

గడ్డం ఎడమకు తిప్పింది.

కిటికీనా? కళ్ళు రెండుసార్లు మూసింది. కాదు. చెయ్యా? కాదు. చెవా? కాదు. నోరా?

ఒక్కసారి మూసి, తెరవకుండా అలాగే ఉంచేసింది.

వేలు పెట్టి పెదవి పక్కకు లాగి చూశాను. లోపల పంటి చిగురు ఉబ్బి నల్లగా ఉంది. కంపు.

21, శుక్రవారం

నిన్ననే ఆయాకు ఫోనులో రెండు ముక్కలు రాసి పంపాను, రా తల్లీ అని. రాదేమో అనుకున్నాను. చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి, నన్ను పలకరించకుండా మేస్త్రీ చీర సర్దింది. అల్లుడు బండి తెచ్చాడు. పళ్ళ డాక్టరు చీము తీసి పన్ను పీకాడు. విషం ఒంట్లోకి పాకిందట. ఇంకొన్నాళ్ళు ఆగితే తన చేతుల్లో కూడా ఉండేది కాదన్నాడు. ఇప్పుడు కూడా గట్టిగా ఏమీ చెప్పలేనన్నాడు. మందులు రాశాడు.

"ఇన్ని రోజులు ఎలా ఓర్చుకుందండీ? మీకు చెప్పలేదా?" అన్నాడు. మాస్కు దించి అడిగాడు, నాకు పెదాలు కనపడేలా.

"చెప్పింది సార్" అన్నాను.

22, శనివారం

పెట్టె తీగ పీకేశాను.

మధ్యాహ్నం భోజనం వేళకు అమ్మాయి ఫోను చేసింది, మొహం కనపడేలా. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. "అమ్మతో మాట్లాడించు" అంది. పన్ను పీకిన సంగతి అల్లుడు చెప్పాడట, మిగతాదంతా నేను చెప్పాను. నా దగ్గు సంగతి కూడా.

అది మెట్ల మీంచి లేచి నిలబడింది. తర్వాత అంది, "పన్ను సంగతి దానికి పట్టుబడకపోయి ఉండొచ్చు నాన్నా. మిగతావన్నీ అమ్మ మాటలే."

"కాదమ్మా."

"నేనంటే ప్రాణం అన్నది అమ్మే."

పీకేసిన తీగ ఎత్తి చూపించాను.

"ఒక్కసారి పెట్టు నాన్నా. నేను రేపు వస్తాగా. రేపు తీసేద్దాం. ఈ ఒక్క పూట పెట్టు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

పెట్టాను. ఫోను పెట్టె దగ్గర ఉంచాను. అమ్మాయి "అమ్మా" అంది. మేస్త్రీ మందు మత్తులో కళ్ళు తెరిచి చూస్తోంది, గొంతు కదపడం లేదు. వేరేవాళ్ళ మాటలకు అది పలకదు కాబోలు, అద్దం ఖాళీగా ఉంది. ఫోనులో అమ్మాయి మొహం అలా ఎదురుచూస్తూ ఉంది. ఆ మొహాన్ని ఎక్కువసేపు చూడలేకపోయాను.

దగ్గాను.

"ఎలా ఉన్నావు తల్లీ" అని వచ్చింది. అమ్మాయి నవ్వింది. మళ్ళీ దగ్గాను. అమ్మాయి అడిగినప్పుడల్లా దగ్గాను.

మేస్త్రీ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

23, ఆదివారం

అమ్మాయి వచ్చింది. ఆయా వంటింట్లో జావ కాస్తోంది. అమ్మాయి నేరుగా వెళ్ళి పెట్టె వెలిగించింది. నేను అడ్డం పడలేదు. నిన్న దగ్గినవాడికి ఏ మొహం ఉంది.

"అమ్మా, నొప్పి తగ్గిందా?"

మేస్త్రీ గురగురకు అద్దం మీద అక్షరాలు మొదలవుతుండగానే కమ్మీ అదిరింది. రెండు దెబ్బలు. లేచి వెళ్ళాను. ఎక్కడే అన్నాను. గడ్డం పైకి ఎత్తింది. వెనక్కి, తలకట్టు వైపు. మెడ నరాలు తేలేలా. అక్కడ పెట్టె తప్ప ఇంకేమీ లేదు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"మీట దించడానికి పిలిచింది" అన్నాను. దించాను.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లాగింది. తర్వాత వదిలేసి కింద కూర్చుంది. మంచం కమ్మీకి నుదురు ఆనించి, భుజాలు ఎగిరేలా ఏడ్చింది. ఏం అంటోందో కనపడలేదు, మొహం కిందికి ఉంది. మేస్త్రీ గొంతు కదులుతోంది. నాకు వినపడదు, అమ్మాయికి అర్థం కాదు. పక్కింటివాళ్ళలా ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం.

అప్పుడు కొట్టింది. ఒక్కటి. అమ్మాయి నుదుటికే తగిలి ఉంటుంది, చప్పున తలెత్తింది.

"ఏమంటోంది?"

చెప్పాలా వద్దా అనుకున్నాను. నిన్నటిలా ఏదో ఒకటి అల్లవచ్చు. ప్రాణం అంటోంది అని చెప్పవచ్చు.

"నడుస్తోంది, పోయి మీ పని చూసుకోండి అంటోంది."

"అంతేనా?"

"అంతే."

అమ్మాయి తల్లి మొహంలోకి చూసింది. మేస్త్రీ కళ్ళు ఒకసారి మూసి తెరిచింది. అవును.

అమ్మాయికి ఏడుపులోనే నవ్వు వచ్చింది. ముక్కు తుడుచుకుంటూ నా వైపు తిరిగి, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"ఇది మాత్రం అమ్మే నాన్నా."

లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగింది.

25, మంగళవారం

జావ మూడు చెంచాలు, తోసెయ్యకుండా. ఆయా నాతో మాట్లాడింది. కాళ్ళు అడ్డం తియ్యి తాతా అంది. పండగలా ఉంది నాకు.

27, గురువారం

జ్వరం మళ్ళీ వచ్చింది. డాక్టరు వచ్చి మందు మార్చాడు. గుండె బలహీనంగా ఉందన్నాడు. చెయ్యి కూడా సరిగ్గా ఆడటం లేదు. ఆమె కొట్టింది నాకు చేతికి తెలియడం లేదు, చెంప ఆనిస్తే గానీ.

అమ్మాయి సెలవు పెట్టి వచ్చేసింది.

29, శనివారం

మంచం మీదే డైరీ పెట్టుకుని రాస్తున్నాను, వంగి, ఎడమ చెంప కమ్మీకి ఆనించి. అక్షరాలు ఎటు పోతున్నాయో చూడటం లేదు. ఇనుము చల్లగా ఉంది. అమ్మాయి అటు పక్క కమ్మీకి ఆనుకుని ఉంది.

ఇందాక కొట్టింది. ఒకటి.

ఒకటంటే నడుస్తోంది, ఇక పో అని. రెండు కొట్టబోయి ఒకటి దగ్గర ఆగిపోయిందేమో తెలియదు. అడిగితే కళ్ళు తెరవలేదు.

ఇక పో అన్నా, వెళ్ళి నిలబడటానికి నాకు ఇంకో మగ్గం లేదు మేస్త్రీ. ఇక్కడే ఉన్నాను. ఆ రెండోది కొడితే చాలు, ఈసారి రెండోసారి పిలిపించుకోను.